అన్నం వద్దని సముద్రంలోకి దూకిన అమ్మాయి: 1934 నాటి రొమాంటిక్ కామెడీలో మొదటి పది నిమిషాలు

ఈ ఎపిసోడ్‌లో ఒక్కటే సినిమా, అందులోనూ మొదటి పది నిమిషాలే. సినిమా పేరు ‘ఇట్ హాపెన్డ్ వన్ నైట్’. 1934 ఫిబ్రవరిలో అమెరికాలో రిలీజైంది. డైరెక్టర్ ఫ్రాంక్ కాప్రా, స్క్రీన్‌ప్లే రాబర్ట్ రిస్కిన్, హీరో క్లార్క్ గేబుల్, హీరోయిన్ క్లాడెట్ కోల్బర్ట్.

పేరు వినకపోయినా కథ మీకు తెలిసే ఉంటుంది. కోటీశ్వరుడి కూతురు ఇంట్లోంచి పారిపోతుంది. బస్సులో జేబు ఖాళీగా ఉన్న జర్నలిస్టు తగులుతాడు. ముందు పోట్లాట, తర్వాత ప్రేమ. 1956లో మద్రాసు ఏవీఎం వాళ్లు ఈ కథతోనే హిందీలో రాజ్ కపూర్, నర్గీస్‌లతో ‘చోరీ చోరీ’ తీశారు. 1991లో ఆమిర్ ఖాన్ ‘దిల్ హై కె మాన్‌తా నహీ’ కూడా ఇదే కథ. అందులోనూ అమ్మాయి నాన్న పడవ మీంచే దూకుతుంది.

సరే, ఓపెనింగ్‌కి వద్దాం. మయామీ తీరం, ఒక ఖరీదైన పడవ. ఓనర్ ఆండ్రూస్, వాల్ స్ట్రీట్‌లో పెద్ద బ్యాంకర్. మొదటి సమస్య ఏంటో తెలుసా? ఆయన కూతురు ఎల్లీ అన్నం తినడం లేదు. నిరాహార దీక్ష. నాన్నకి ఇష్టం లేని కింగ్ వెస్ట్లీ అనే పైలట్‌ని పెళ్లి చేసుకుంది. ఆ పెళ్లి రద్దు చేయించాలని నాన్న ఆమెని పడవలో పెట్టేశాడు. నోట్లో కుక్కేయొచ్చు కదా అని కెప్టెన్‌తో మాట వరసకి అంటాడు కూడా.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. మనకిది జోక్‌లా వినిపిస్తుంది. కానీ అప్పటి ప్రేక్షకులకి ‘నిరాహార దీక్ష’ అంటే కొత్త మాట కాదు. 1909లో లండన్‌లో ఓటు హక్కు కోసం జైలుకెళ్లిన ఆడవాళ్లు తిండి మానేశారు. ఆ ఏడాదే అక్కడి జైళ్లలో గొట్టాలు పెట్టి బలవంతంగా తినిపించడం మొదలుపెట్టారు. 1917లో అమెరికాలోనే ఆలిస్ పాల్‌కీ అదే జరిగింది. మన దగ్గర చూస్తే 1932 సెప్టెంబర్‌లో ఎరవాడ జైల్లో గాంధీ దీక్ష, 1933 మేలో 21 రోజుల దీక్ష. ఈ సినిమా వీళ్లెవరి పేరూ ఎత్తదు. కానీ చేతిలో వేరే ఏ బలమూ లేనివాళ్లు ఒంటినే ఆయుధం చేసుకుంటారని అప్పటి జనానికి తెలుసు. కాబట్టి ఎల్లీ మొండిపిల్ల మాత్రమే కాదు, ఖైదీ కూడా. ఆమె జైలు బంగారంతో చేసింది, అంతే.

ఇప్పుడు ఇంకో వైపు చూడండి. 1929లో స్టాక్ మార్కెట్ కూలింది. 1933కి వచ్చేసరికి అమెరికాలో పని కావాల్సిన ప్రతి నలుగురిలో ఒకరికి పని లేదు. రొట్టె కోసం, సూప్ కోసం ఊరూరా క్యూలు. ఆ 1933 మార్చిలోనే హాలీవుడ్ స్టూడియోలు జీతాల్లో కోత పెట్టాయి. అలాంటి రోజుల్లో డబ్బులు పెట్టి టికెట్ కొన్న మనిషి తెర మీద మొదట చూసేది ఏంటి? ఒక అమ్మాయి తిండి వద్దంటోంది. నాన్న ఆమె ముందే కూర్చుని, మాంసం ముక్క కోసి, దాని రుచి గురించి వర్ణిస్తూ ఊరిస్తాడు. ఆమె ట్రేని తోసేస్తుంది. తిండంతా నేలపాలు.

అదే క్షణంలో నాన్న చెంప మీద కొడతాడు. ఇద్దరూ ఒక్కసారి బిగుసుకుపోతారు. ఆమె బయటికి పరిగెత్తి సముద్రంలోకి దూకేస్తుంది.

ఈ చెంపదెబ్బ గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. సినిమా దీన్ని నవ్వులాటగా వదిలేయలేదు. అప్పటిదాకా నడిచిన తండ్రీకూతుళ్ల వాదన కామెడీ, దెబ్బ పడ్డాక కామెడీ ఆగిపోతుంది. దీక్ష చేసిన ఇన్నాళ్లూ ఎల్లీ పడవలోనే ఉంది. దెబ్బ పడ్డాకే దూకింది. అంటే ఆకలిని భరించింది, దెబ్బని భరించలేదు. పెద్దకొడుకు పెళ్లిలో డాన్స్ చేసి, కూతురు ప్రేమిస్తే చెయ్యెత్తే నాన్నలు మనకీ కొత్త కాదు కదా. అందుకే తొంభై ఏళ్ల తర్వాత కూడా ఆ సీన్ దగ్గర కొంచెం ఇబ్బంది పడతాం. పడాలి కూడా.

తర్వాత బస్ స్టేషన్. నాన్న పెట్టిన డిటెక్టివ్‌లు కాపలా కాస్తున్నారు. కానీ ఎల్లీ ఆండ్రూస్ బస్సెక్కడమా, టైమ్ వేస్ట్ అని వాళ్లలో ఒకడు తేల్చేస్తాడు. పక్కనే ఎల్లీ ఒక ముసలావిడతో టికెట్ కొనిపించుకుని వెళ్లిపోతుంది. ధనవంతులు బస్సెక్కరు అన్న ఆ నమ్మకమే ఆమెకి ముసుగైంది.

అక్కడే హీరో పీటర్ ఫుల్లుగా తాగి, ఫోన్ బూత్‌లోంచి ఎడిటర్‌ని తిడుతుంటాడు. చుట్టూ ఫ్రెండ్స్ చప్పట్లు. అసలు విషయం ఏంటంటే ఎడిటర్ అప్పటికే ఉద్యోగం పీకేసి ఫోన్ పెట్టేశాడు. పీటర్ కట్ అయిన ఫోన్‌లో, తనే రాజీనామా చేస్తున్నట్టు డైలాగులు కొడుతున్నాడు.

నేను జాబ్ చేసిన రోజుల్లో మా టీమ్‌లో ఒకతనికి లేఆఫ్ మెయిల్ వచ్చింది. సాయంత్రం టీ కొట్టు దగ్గర ‘నేనే పేపర్ పెట్టేశా మామా’ అని నవ్వుతూ చెప్పాడు. మాకందరికీ నిజం తెలుసు. ఎవ్వరం ఏమీ అనలేదు. పీటర్ ఫ్రెండ్స్‌కి నిజం తెలియదు, ప్రేక్షకుడికి మాత్రం తెలుసు. 1934లో హాల్లో కూర్చున్న వాళ్లలో ఎంతమంది ఇంట్లో అలాంటి అబద్ధం చెప్పి వచ్చి ఉంటారో ఆలోచించండి.

చూశారా, పది నిమిషాల్లో ఇద్దరినీ ఒకే స్థితిలోకి తెచ్చారు. ఆమె ఇల్లు వదిలేసింది, అతని ఉద్యోగం పోయింది. ఇద్దరికీ మిగిలింది పొగరు మాత్రమే. ప్రేమకథ నడవాలంటే ఇద్దరూ ఒకే సీటు దగ్గర సమానంగా నిలబడాలి. అందుకే వాళ్ల మొదటి గొడవ కూడా బస్సులో సీటు కోసమే.

ఓపెనింగ్‌లో వేసిన రెండు ముడులూ తర్వాత విప్పుతారు. ఒకటి తిండి. బస్సులో ఒక తల్లి ఆకలితో కళ్లు తిరిగి పడిపోతుంది, కొడుకు ఏడుస్తాడు. వీళ్ల దగ్గరున్న డబ్బు ఆ పిల్లాడి చేతికెళ్తుంది. ట్రే తన్నేసిన ఎల్లీయే తర్వాత పచ్చి క్యారెట్ కొరుక్కుని తింటుంది. రెండోది పరుగు. మొదట నాన్న నుంచి పారిపోయిన అమ్మాయి, చివర్లో పెళ్లి పందిట్లోంచి మళ్లీ పారిపోతుంది. ఈసారి కారు రెడీగా ఉంది వెళ్లిపో అని చెవిలో చెప్పేది ఆ నాన్నే. కొట్టిన మనిషి దారి ఇచ్చే మనిషిగా మారాడు. నా లెక్కలో ఈ సినిమాలో అసలు మారింది ఆయనే.

కొలంబియా అప్పట్లో చిన్న స్టూడియో. గేబుల్‌ని వేరే స్టూడియో నుంచి అరువు తెచ్చుకున్నారు. అలాంటి సినిమాకి 1935 ఫిబ్రవరిలో ఐదు ఆస్కార్లు వచ్చాయి: సినిమా, డైరెక్టర్, హీరో, హీరోయిన్, రచన. ఆ ఐదూ ఒకే సినిమాకి రావడం అదే మొదటిసారి.

ఈ వీకెండ్ ఏ రొమాంటిక్ కామెడీ పెట్టుకున్నా మొదటి పది నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి చూడండి. అమ్మాయి ఎవరి నుంచి పారిపోతోంది, అబ్బాయి ఏం దాస్తున్నాడు, ఈ రెండూ పట్టుకోండి చాలు. సినిమా ఏ కాలంలో తీశారో, ఆ కాలానికి భయం దేనిమీదో అక్కడే తెలిసిపోతుంది. మళ్లీ కలుద్దాం.