కలుపు మొక్కల పంతులుగారు

వాగు గట్టున మొలిచే పాకు మొక్కను ఎరుగని ఎస్టేటు కుటుంబం మన మలేషియాలో బహుశా ఉండదు. దాని లేత చుట్టలను మన నాయనమ్మలు ఒడి నిండా కోసుకొని వచ్చి కూర వండేవారు. అటువంటి ఫెర్న్ చుట్టలనే ఫోటోలు తీసి పేరు పొందిన జర్మన్ ఉపాధ్యాయుడు ఒకరున్నారు. ఆయన పేరు కార్ల్ బ్లాస్‌ఫెల్ట్.

ఆయన 1865లో హార్ట్స్ కొండల్లోని షీలో గ్రామంలో జన్మించినారు. చిన్న వయసులోనే ఇనుప పోత కార్ఖానాలో చేరి శిల్పపు పని నేర్చుకొన్నారు. పిమ్మట బెర్లినులో చదివినారు. 1890 తరువాత మోరిట్స్ మోయ్‌రర్ అనే ఆచార్యుని వెంట ఇటలీలో ఉండి, మొక్కలను చూచి నమూనాలు చేయుటలో తోడ్పడినారు. 1890ల చివర బెర్లినులోని చేతిపనుల కళల పాఠశాలలో ఉపాధ్యాయులై, సుమారు ముప్పై ఏళ్లు ఒకే పాఠం చెప్పినారు: సజీవమైన మొక్కను చూచి రూపం మలచుట.

ఇక్కడ ఉపాధ్యాయులమైన మాకు ఆయన చిక్కు వెంటనే అర్థమైనది. తెచ్చిన మొక్క సాయంత్రానికి వాడిపోతుంది. మొగ్గ అంచులోని వంపు వెనుక బెంచీ పిల్లవానికి కనిపించదు. అందుకని తానే అమర్చుకొన్న కెమెరాతో, మామూలు పగటి వెలుతురులో, మొక్క భాగాలను ముప్పై రెట్ల వరకు పెద్దవి చేసి చూపినారు. వెనుక ఒక అట్ట తప్ప మరేమీ ఉండదు. గుర్రపుతోక అనే మొక్క కొన ఆ ఫోటోలో గుడి గోపురమువలె నిలుస్తుంది. అడ్డు వచ్చిన ఆకులను ఆయన కత్తిరించేవారు. వృక్షశాస్త్రజ్ఞులు దీనికి ఒప్పుకోరేమో గాని, శిల్పి చెయ్యి ఊరుకోదు కదా!

ఆ మొక్కలు పూల దుకాణంలోనివి కావు. ఎక్కువగా దారి పక్కన, రైలు కట్టల మీద మొలిచినవే. మన పెద్దలు ఎస్టేట్లలో రోజు కూలికి పీకిన కలుపు వంటివి. వంగి పీకిన ఆ చేతులకు ప్రతి వేరూ తెలుసు. ఆ తెలివిని ఎవ్వరూ పాఠంగా అడుగలేదు. మేమూ అడుగలేదు. మా తెలుగు తరగతిలో పిల్లలకు ఇన్నాళ్లు గులాబీనే గీయించినాము.

1926లో కార్ల్ నీరెన్‌డార్ఫ్ అనే కళావ్యాపారి ఆ ఫోటోలను బెర్లినులో ప్రదర్శించినారు. 1928లో 120 చిత్రాలతో ‘కళ యొక్క ఆదిరూపాలు’ అనే గ్రంథం వెలువడినది. అప్పటికి పంతులుగారికి అరవై దాటినవి. 1932లో రెండవ గ్రంథం వచ్చినది. ఆ డిసెంబరులోనే ఆయన కన్నుమూసినారు.

మొన్న తరగతికి పాకు చుట్టలు తెచ్చి బల్ల మీద పెట్టినాము. ఒక చిన్నది శంఖమన్నది. ఒక పిల్లవాడు తన అవ్వ వీటిని ఎక్కడ కోసేదో చెప్పినాడు.