ఒక్క అచ్చు, వేల కార్లు: మేయర్స్ మ్యాంక్స్ కథ

ఇంట్లో స్పోర్ట్స్ కారు కట్టుకోవాలంటే ఇంజిన్ కంటే పెద్ద తలనొప్పి బాడీ. ఇనుప రేకుకి ప్రెస్ కావాలి, డై కావాలి. ఫైబర్‌గ్లాస్‌కి అవేం అక్కర్లేదు. అచ్చులో గ్లాస్ మ్యాట్ పరిచి, రెజిన్ పట్టించి, గట్టిపడ్డాక ఊడదీస్తే ప్యానెల్ రెడీ. టైరు తగులుతోందా? అక్కడ కోసెయ్యండి. అంచు వాలుగా అరగదీసి, లోపలి నుంచి కొత్త పొరలు వేస్తే అతుక్కుపోతుంది.

ఈ కిటుకు కాలిఫోర్నియాలో ఫైబర్‌గ్లాస్ పడవలు కట్టిన బ్రూస్ మేయర్స్‌కి బాగా తెలుసు. 1964లో గ్యారేజీలో ఇసుక దిబ్బల మీద తిరిగే బగ్గీ తయారుచేశాడు. ఇంజిన్ ఫోక్స్‌వ్యాగన్‌ది, బాడీ ఆయనది. మొదటి డజను బళ్లకి విడిగా ఛాసిస్ లేదు, బాడీయే బలం. ఖర్చు తడిసి మోపెడైంది. దాంతో డిజైన్ మార్చి, బీటిల్ ఫ్లోర్‌పాన్‌ని అడుగుకి పైగా కురచ చేసి, దానిమీద కూర్చునే బాడీ కిట్ అమ్మాడు.

1967లో మెక్సికోలోని బాహా ద్వీపకల్పాన్ని 35 గంటల్లోపే దాటి మోటార్‌సైకిళ్ల రికార్డు కొట్టాడు. ఆర్డర్లు వచ్చిపడ్డాయి, వాటితోపాటే కాపీలు కూడా. ఒక మ్యాంక్స్ బాడీ కొని దానిమీదే అచ్చు తీస్తే చాలు, ఎవరైనా తయారీదారే! మేయర్స్ కోర్టుకెళ్లాడు. పేటెంట్ చెల్లదన్నారు. 1970ల మొదట్లోనే కంపెనీ మూతపడింది.

నా లెక్కలో ఆయన్ని నిలబెట్టిందీ, ముంచిందీ ఒకటే: ఫైబర్‌గ్లాస్‌తో పని అంత సులువు కావడం. గుర్తింపు మాత్రం ఆలస్యంగానైనా వచ్చింది. 2014లో ఆ మొదటి బగ్గీ అమెరికా చారిత్రక వాహనాల రిజిస్టర్‌కెక్కింది. మరి కాపీ కొట్టినవాళ్ల పేర్లు? మీకొక్కటైనా తెలిస్తే కామెంట్‌లో చెప్పండి.