గోలు కొట్టేవాడి కోసం

2022 మార్చిలో సిడ్నీ క్రికెట్ గ్రౌండ్‌లో లాన్స్ ఫ్రాంక్లిన్ వెయ్యో గోలు కొట్టగానే జనం మైదానంలోకి ఉరికారు. మా అబ్బాయి వెనకాలే నేనూ! ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్‌లో గోలు స్తంభాల ముందు కాచుకుని, పైనుంచి వచ్చే బంతిని గాలిలోనే ఒడిసిపట్టే ఇలాంటి పొడగరిని 'కీ ఫార్వర్డ్' అంటారు.

మా సిడ్నీ స్వాన్స్ నాలాగే వలసజీవి. సౌత్ మెల్‌బోర్న్ నుంచి 1982లో ఇక్కడికి చేరింది. అక్కడ 1934లో బాబ్ ప్రాట్ ఒక్క సీజన్‌లోనే 150 గోల్స్ కొట్టాడు. అలాంటివాడి కోసం వెతుకులాట ఇక్కడా ఆగలేదు. 1995లో సెయింట్ కిల్డా నుంచి టోనీ లాకెట్‌ను తెచ్చారు; 1996 గ్రాండ్ ఫైనల్లో ఓడారు. 2002లో అదే క్లబ్బు నుంచి బారీ హాల్ వచ్చాడు. 2005లో, 72 ఏళ్ళ తర్వాత కప్పు దక్కింది. 2014లో తొమ్మిదేళ్ళకు కోటి డాలర్ల ఒప్పందంతో హాథార్న్ నుంచి ఫ్రాంక్లిన్ వచ్చాడు. అతనాడిన మూడు గ్రాండ్ ఫైనల్స్‌లోనూ స్వాన్స్ ఓడింది.

మరి 2012 కప్పో? ఆ ఏడు జట్టులో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టింది పొడగరి కాదు, వింగ్‌లో పరిగెత్తే లూయిస్ జెట్టా!

కన్సల్టెంటుగా నన్నూ ఇలాగే బయటినుంచి తెచ్చుకుంటారు. కొత్త ఆఫీసులో అడుగుపెట్టగానే, అక్కడ అప్పటికే ఉన్న జెట్టా ఎవరో ముందు వెతుక్కుంటాను.