ఎడమ చెయ్యి ముందు

ఇంజన్ ఆగిన హెలికాప్టర్ రాయిలా పడిపోతుందని పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా నాతో వాదిస్తారు. హకీంపేటలో చేతక్ హెలికాప్టర్ మీద కుర్రాళ్లకు పాఠాలు చెప్పినవాణ్ని, నాతోనే!

అది పడిపోకుండా దిగే విద్య, పనికొచ్చే హెలికాప్టర్ కంటే పాతది. స్పెయిన్ ఇంజనీరు హువాన్ దె లా సియెర్వా 1919లో తయారుచేసిన మూడింజన్ల బాంబర్, నేలకు దగ్గరగా వేగం తగ్గి కూలిపోయింది. వేగం తగ్గినా కూలని యంత్రం కావాలని ఆయన పట్టుబట్టాడు. ముందుకు లాగడానికి ప్రొపెల్లర్, నెత్తిన గాలికే తిరిగే పంకా. మొదటివన్నీ పక్కకు ఒరిగిపోయాయి. పేముబెత్తం రెక్కలున్న చిన్న నమూనా మాత్రం చక్కగా ఎగిరింది. రెక్క పైకీ కిందికీ ఊగాలన్న కిటుకు అక్కడ దొరికింది. మొదలు దగ్గర కీళ్లు పెట్టాడు. 1923 జనవరిలో మాడ్రిడ్ దగ్గర హెతాఫేలో సి.4 అనే ఆటోజైరో ఎగిరింది. కొద్దిరోజులకే గాల్లో ఇంజన్ ఆగితే, చెక్కు చెదరకుండా నేలకు దిగింది.

ఆ ఆటోజైరో పంకాకు ఇంజన్‌తో పనే లేదు కాబట్టి పైలట్ కొత్తగా చెయ్యాల్సిందీ లేదు. హెలికాప్టర్‌కు ఆ సుఖం లేదు. రెక్కల్ని ఇంజనే తిప్పుతుంది, అవి గాలిని ఎక్కువ కోణంలో కోస్తుంటాయి. ఇంజన్ ఆగితే సెకన్లలో రోటర్ నీరసిస్తుంది. అందుకే రెక్కలన్నిటి కోణం మార్చే కలెక్టివ్ లివర్, ఎడమ చేతిలోనిది, వెంటనే పూర్తిగా కిందికి. ఆలోచన తర్వాత. అప్పుడు కిందనుంచి వచ్చే గాలే రెక్కల్ని తిప్పుతుంది. ముక్కు పక్కకు తిరగబోతే పెడల్‌తో సరిచేసి, కుడిచేతిలోని సైక్లిక్ కర్రతో వేగం నిలిపి, దిగే చోటు చూసుకోవాలి. పొలం కంటే ముందు కరెంటు తీగలు వెతకమనేవాణ్ని. నేల దగ్గరకొచ్చాక ముక్కెత్తి వేగం చంపాలి, మళ్లీ సమంగా చేసి కలెక్టివ్ లాగాలి. ఆ లాగడం ఒక్కసారే. భయపడి పైనే లాగేస్తే రోటర్‌లో ఉన్న తిరుగుడంతా అక్కడే ఖర్చయిపోతుంది. విద్యార్థులు తప్పేది ఎక్కువగా ఇక్కడే.

సియెర్వా యంత్రాలను లైసెన్సు మీద తయారుచేసిన జర్మనీ కంపెనీ ఫోకె-వుల్ఫ్. అక్కడ ఆ పని తెలిసిన హైన్రిష్ ఫోకె రూపొందించిన ఎఫ్‌డబ్ల్యూ 61 హెలికాప్టర్ 1937 మేలో ఇంజన్ ఆపుకుని దిగి చూపించింది. సియెర్వా అది చూడలేదు. అంతకు ముందు డిసెంబరులోనే, లండన్ దగ్గర క్రొయ్డన్‌లో పొగమంచులో కూలిన మామూలు ప్రయాణికుల విమానంలో పోయాడు.

ఫ్రాన్స్‌లో పైలట్ జ్యా బూలే 1972 జూన్ 21న లామా హెలికాప్టర్‌ను 12,442 మీటర్లకు తీసుకెళ్లాడు. దిగబోతుంటే ఇంజన్ ఆరిపోయింది, మళ్లీ అంటుకోలేదు. నేలదాకా గాలి మీదే వచ్చాడు. ఆ లామానే మన హెచ్‌ఏఎల్ చీతాగా తయారుచేసింది.

ఈ కథ చెబితే ఒక కుర్రాడు, "అంత ఎత్తుంటే మాకూ తీరికే కదా సార్" అన్నాడు. తెలివైనవాడు. హెలికాప్టర్ మాన్యువల్‌లో ఎత్తూ వేగం కలిపి గీసిన పటం ఉంటుంది. రెండూ చాలని మేరను అందులో విడిగా గుర్తుపెడతారు. అక్కడ ఇంజన్ ఆగితే చెయ్యి దించినా గాలి అందుకునే వ్యవధి ఉండదు. టేకాఫ్ కాగానే వేగం పుంజుకోకుండా నిట్టనిలువుగా లేపేవాళ్లను నేను తిట్టింది అందుకే.