విన్న గంటలకు పట్టా

తార్నాకలో బస్సు దిగి ఆర్ట్స్ కాలేజీ వైపు నడుస్తుంటే, సైకాలజీ ఎం.ఏ. చదువుతున్న అమ్మాయి అడిగింది: "సై.డి. అంటే మీ పీహెచ్.డి. లాంటిదేనా మేడమ్?"

నేను కథల్లోని స్త్రీల దుఃఖం మీద సిద్ధాంత గ్రంథం రాశాను. ఎదురుగా కూర్చున్న మనిషి దుఃఖాన్ని ఎలా వినాలో మాత్రం నాకెవరూ నేర్పలేదు. సై.డి. ఆ వినడాన్నే చదువు చేసింది. సిద్ధాంత గ్రంథం కంటే పర్యవేక్షణలో మనుషులతో గడిపిన గంటలకు అందులో విలువెక్కువ.

1949లో అమెరికాలోని బౌల్డర్ సదస్సు, క్లినికల్ సైకాలజిస్టు పరిశోధకురాలిగానూ తయారవాలంది. ఆచరణ ప్రధానమైన డాక్టరేట్‌ని 1968లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం మొదలుపెట్టింది. 1973లో వెయిల్ సదస్సు దాన్ని సమర్థించింది. మన దేశంలో దారి వేరు. 1955లో బెంగుళూరులో డిప్లొమాగా మొదలైన శిక్షణ తర్వాత ఎం.ఫిల్. అయింది. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం ఈ వృత్తిని రిజిస్టర్‌లోకి తెచ్చింది. సై.డి. ఆ తర్వాత వచ్చింది.

ఇది పట్టాల చరిత్ర. దీనికి ముందే ఇంకో చరిత్ర ఉంది. 'మాటల చికిత్స' అన్న పేరు పెట్టింది వైద్యుడు కాదు. 1880ల్లో వియన్నాలో చికిత్స పొందిన బెర్తా పాపెన్‌హైమ్. వైద్య గ్రంథంలో ఆమె 'అన్నా ఓ.'గా మిగిలింది. బయట మాత్రం 1904లో జర్మనీలో యూదు మహిళల సమాఖ్యను స్థాపించింది.

మన ఊళ్లోనూ ఈ ప్రశ్నని స్త్రీలే ఎత్తారు. 1985లో ఏర్పడిన అన్వేషిలో భార్గవి దావర్ స్త్రీల మానసిక ఆరోగ్యంపై పనిచేసింది. ఆమె మానసిక వైద్యురాలు కాదు. తల్లి మానసిక చికిత్సాలయాల్లో పడ్డ బాధని చూసి పెరిగిన కూతురు. 1999లో వచ్చిన తన పుస్తకంలో, ప్రభుత్వ విధానాలు తీవ్రమైన జబ్బుల చుట్టూ తిరుగుతున్నాయనీ, స్త్రీల బతుకుల్లోంచి పుట్టే సాధారణ కుంగుబాటు వాటికి ఆనడం లేదనీ వాదించింది. 2024లో ఆమె మరణించింది. ఆ వాదన ఇంకా తీరలేదు.

అందుకే సై.డి. పట్ల నాకు గౌరవమూ ఉంది, సందేహమూ ఉంది. వినడం జ్ఞానమేనని ఒక విశ్వవిద్యాలయం ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు. కానీ భర్త కొట్టడం, కులం పేరుతో అవమానం, చేతికి రాని జీతం - ఇవన్నీ 'లక్షణాల' కింద రాసుకోవడమే నేర్పితే ఎన్ని గంటలు విన్నా విన్నట్టు కాదు. పైగా ఏళ్ల తరబడి పూర్తికాలం క్లినిక్‌లో ఉండగలిగే ఆడపిల్లలు ఎంతమంది?

ఆ అమ్మాయికి ఇదంతా చెప్పాను. "ఇంట్లో ఇంకెన్నేళ్లు చదువుతావంటున్నారు" అంది. చదవమనే చెప్పాను. ఎవరి పర్యవేక్షణలో చదువుతున్నావో, వాళ్లు ఏం వినమంటున్నారో మాత్రం చూసుకోమన్నాను.