38 శాతం రాసి తిప్పి పంపితే: హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ తెలుగువారికి వికలాంగ ధ్రువపత్రం, పింఛను తిరస్కరణపై

మా బృందంలో ఒకరికి పదకొండేళ్లుగా రుమటాయిడ్ కీళ్లవాతం ఉంది. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ రెండో సెక్టారులో అద్దె ఇల్లు, మూడో అంతస్తు, లిఫ్టు లేదు. పొద్దున లేచాక రెండు గంటలదాకా పాల ప్యాకెట్ కత్తిరించడానికి కూడా ఆమె వేళ్లు వంగవు. పోయిన ఏడాది వికలాంగ ధ్రువపత్రం కోసం నగరంలోని ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో బోర్డు ముందుకు వెళ్లారు. 38 శాతం అని రాశారు. పింఛనుకైనా, రిజర్వేషన్‌కైనా, ఆదాయపు పన్ను మినహాయింపుకైనా గీత 40 దగ్గర ఉంది. "జబ్బే లేదన్నా బాగుండేది. ఉందట, చాలదట" అన్నారామె ఆ సాయంత్రం.

ఆ తర్వాత ఇలాంటి కాగితాలు పట్టుకుని మా దగ్గరకు వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. హెచ్‌ఎస్‌ఆర్‌లో తెలుగువాళ్లంటే ఐటీ ఉద్యోగులే గుర్తొస్తారు గానీ, వాళ్ల అపార్టుమెంట్లకు కాపలా ఉండేవాళ్లు, వంట చేసేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు, మేస్త్రీ పని చేసేవాళ్లు అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు వైపు నుంచి వచ్చినవాళ్లు ఎందరో. అందరి ఇబ్బందీ ఒకటే. ఆస్పత్రి కాగితం ఇంగ్లిషులో, ఆఫీసు కాగితం కన్నడలో ఉంటాయి. అడగాల్సిన ప్రశ్న మాత్రం మనకు తెలుగులో తోస్తుంది. అందుకే మేము తెలుసుకున్నదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాం.

ముందు బోర్డు దేన్ని కొలుస్తుందో తెలియాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్, పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్, దీర్ఘకాలిక నరాల జబ్బులు ఆ జాబితాలో పేరుతో సహా ఉన్నాయి. కిడ్నీ జబ్బు లేదు. షుగరు, గుండె జబ్బు, లూపస్, రుమటాయిడ్ కీళ్లవాతం కూడా పేరుతో లేవు. అంటే దారి మూసుకుపోయిందని కాదు. కీళ్లవాతంతో చేతులు, కాళ్లు పనిచేయకపోతే అది చలన వైకల్యం కింద వస్తుంది. షుగరు వల్ల కంటి రెటీనా పోతే దృష్టి లోపం, పాదం తీసేస్తే చలన వైకల్యం. బోర్డు చూసేది జబ్బు పేరు కాదు, జబ్బు మన ఒంట్లో చేసిన నష్టం. ఇది తెలియక చాలామంది పదేళ్ల రక్తపరీక్షలు సంచినిండా తీసుకెళ్తారు. మణికట్టు ఎంతవరకు తిరుగుతుందో, పిడికిలి ఎంత బిగుస్తుందో చెప్పే కాగితం ఒక్కటీ అందులో ఉండదు.

శాతం లెక్క కూడా మనం అనుకునేలా ఉండదు. చలన వైకల్యంలో రెండు లోపాలుంటే వాటిని నేరుగా కూడరు. ఒకదానికి 28, ఇంకోదానికి 15 వచ్చాయనుకోండి. మనం 43 అనుకుంటాం. సూత్రం ప్రకారం 90లోంచి పెద్ద సంఖ్యను తీసేయాలి, మిగిలిన దానితో చిన్న సంఖ్యను గుణించి 90తో భాగించాలి, వచ్చినదాన్ని పెద్ద సంఖ్యకు కలపాలి. అప్పుడు 28కి పది పైచిలుకు చేరి 38 అవుతుంది. అదే పెద్ద సంఖ్య 30 అయి ఉంటే, ఆ 15తోనే సరిగ్గా 40 వచ్చేది. ఒక కీలు దగ్గర రెండు పాయింట్ల తేడాతో ధ్రువపత్రం చేతికి రావచ్చు, పోవచ్చు. మా సహచరి లెక్క కాగితం తెప్పించుకుని చూస్తే మోకాళ్లు, మణికట్లు ఉన్నాయి, చేతివేళ్ల గడి ఖాళీగా ఉంది. ఆమెకు అసలు కష్టం వేళ్లతోనే.

ఇందులో మన తప్పూ కొంత ఉంటుంది. బోర్డుకు వెళ్లే రోజు మంచి చీర కట్టుకుంటాం, నొప్పి మాత్ర ఒకటి ఎక్కువ వేసుకుంటాం, డాక్టరు ఎలా ఉన్నారంటే "పర్లేదు సార్" అంటాం. అది మర్యాద కోసం అన్న మాటే అయినా డాక్టరు దాన్ని జవాబుగా రాసుకుంటారు. మందులు మానేసి వెళ్లమని మేము చెప్పం, అది ప్రమాదం. వేసుకున్న మందేదో, అది లేకపోతే ఎలా ఉంటుందో చెప్పండి. వెళ్లేముందు నెల రోజులు ఒక నోటుబుక్కులో రాయండి: ఏ రోజు మెట్లు దిగలేకపోయారు, ఏ రోజు జడ వేసుకోలేకపోయారు, ఎన్నిసార్లు పని మానేశారు. మీకు వైద్యం చేసే డాక్టరు చేత, ఇంగ్లిషులో ఒక్క పేజీ, ఏ పని చేయగలరు ఏది చేయలేరు అని రాయించుకోండి. సంచెడు రిపోర్టుల కంటే ఆ పేజీ ఎక్కువ పనికొస్తుంది.

ఇప్పుడు తిరస్కరణ సంగతి. కౌంటర్‌లో నోటిమాటగా "ఆగల్ల" అంటే అది తిరస్కరణ కాదు, రాతపూర్వకంగా రావాలి. కర్ణాటక ఆఫీసుల్లో ఇలాంటి జవాబు కాగితాన్ని హింబరహ అంటారు. "హింబరహ కొడి" అని అడగండి. ఆ ఒక్క మాటతో గుమాస్తా ధోరణి మారడం మేము కళ్లారా చూశాం. ధ్రువపత్రం విషయంలో అయితే, అనర్హులని తేలితే కారణాలు రాసి ఇవ్వాలని 2017 కేంద్ర నిబంధనలే చెబుతున్నాయి, దానికి ఎనిమిదో నంబరు ఫారం కూడా పెట్టాయి. శాతం ఎలా వేశారో చూపే లెక్క కాగితం ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడగొచ్చు. ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు.

బోర్డు నిర్ణయం మీద అప్పీలు హక్కు చట్టంలోని 59వ సెక్షన్ ఇచ్చింది. ఎవరికి, ఎన్ని రోజుల్లో చేయాలో రాష్ట్రం నిర్ణయిస్తుంది కాబట్టి హింబరహ తీసుకునేటప్పుడే ఆ రెండూ అడిగి, దాని వెనకే రాయించుకోండి. అప్పీలులో జబ్బు కథంతా రాయొద్దు. ఏ కీలు కొలవలేదు, ఏ రిపోర్టు చూడలేదు, అదే చాలు. అప్పీలు వద్దనుకున్నా, జబ్బు ముదిరాక కొత్త రిపోర్టులతో మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు. 2024 అక్టోబరు సవరణ తర్వాత ధ్రువపత్రం ఇవ్వడానికి గడువు నెల నుంచి మూడు నెలలకు పెరిగింది. పిలిచినప్పుడు వెళ్లక రెండేళ్లు గడిస్తే దరఖాస్తు నిద్రావస్థలోకి పోతుంది. ఆస్పత్రిలో పడుకుని ఉన్నవాళ్లకు ఇది జరిగే ప్రమాదం ఎక్కువ. వెళ్లలేకపోతే డిశ్చార్జి కాగితం జతచేసి ఒక ఉత్తరమైనా పంపండి.

పింఛను తిరస్కరణ వేరే విషయం. చేతిలో 40 శాతం ఉన్నా ఇక్కడ ఆగిపోయేవాళ్లున్నారు. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ రెవెన్యూ లెక్కల్లో బెంగళూరు దక్షిణ తాలూకా, బేగూరు హోబళి కిందికి వస్తుంది. అంగవికల వేతన దరఖాస్తు నాడకచేరిలో ఇవ్వాలి, తహశీల్దారు మంజూరు చేస్తారు. 40 నుంచి 75 శాతం వరకు నెలకు 800 రూపాయలు, ఆపైన 1,400. కుటుంబ ఆదాయ పరిమితి ఎంత తక్కువంటే, నెల జీతం వచ్చే మనిషి ఇంట్లో ఒక్కరున్నా దాటిపోతుంది. కాబట్టి తిరస్కరణ కారణం ఆదాయమా, నివాసమా, శాతమా అన్నది ముందు చూడండి. ఆదాయం వల్ల ఆగితే ఆస్పత్రుల చుట్టూ తిరిగినా లాభం లేదు. దరఖాస్తు ఇచ్చినప్పుడు వచ్చే సకాల రసీదు మీద జీఎస్‌సీ నంబరు ఉంటుంది. గడువు దాటినా, కారణం లేకుండా తిరస్కరించినా సకాల చట్టం కింద అప్పీలు ఆ నంబరుతోనే.

మరి ఊళ్లో పింఛను? ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగులకు 6,000, డయాలసిస్ చేయించుకునే కిడ్నీ రోగుల వంటివారికి 10,000, పూర్తిగా మంచానపడ్డవారికి 15,000 ఇస్తున్నారు. తెలంగాణలో దివ్యాంగుల పింఛను 4,016. పక్కన 800 పెట్టి చూస్తే ఎవరికైనా మనసు ఊరివైపే లాగుతుంది. అక్కడా చిక్కులున్నాయి. ఆంధ్రలో పింఛను ఒకటో తారీఖున ఇంటి దగ్గర ఇస్తారు. వరుసగా మూడు నెలలు తీసుకోకపోతే శాశ్వతంగా వలస వెళ్లినట్టు లెక్కేస్తారు. 2025లో సదరం ధ్రువపత్రాలన్నిటినీ మళ్లీ తనిఖీ చేసి, శాతం 40 కంటే తగ్గినవారికి ఆగస్టులో నోటీసులిచ్చారు. ఆందోళనలు జరిగాయి, అప్పీలుకు అవకాశం ఇచ్చారు. ఊళ్లో తాళం వేసిన ఇంటికి నోటీసు అంటించి ఉంటే బెంగళూరులో మనకు తెలిసేది ఎప్పుడు? సచివాలయంలో మీ ఫోన్ నంబరు సరిగా ఉందో లేదో ఒకసారి చూసుకోండి. రెండు రాష్ట్రాల్లోనూ పింఛను తీసుకోవాలని మాత్రం చూడకండి, ఆధార్‌తో దొరికిపోతారు.

ధ్రువపత్రం మాత్రం పింఛనులా రాష్ట్రానికి కట్టుబడి లేదు. 58వ సెక్షన్ ప్రకారం అది దేశమంతా చెల్లుతుంది. ఊళ్లో తీసుకున్న సదరం పత్రాన్ని ఇక్కడ ఎవరైనా "ఆంధ్రదా, చెల్లదు" అంటే ఈ సెక్షన్ చూపించండి. మీకు వైద్యం చేసిన ప్రభుత్వ ఆస్పత్రి వేరే జిల్లాలో ఉన్నా, అక్కడే దరఖాస్తు చేసుకునే వీలూ నిబంధనల్లో ఉంది.

40 రాకపోతే మిగిలేదేమిటి? చాలానే ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. 2021 ఫిబ్రవరిలో వికాశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఒక సంగతి తేల్చింది. రాసేటప్పుడు చెయ్యి పట్టేసే జబ్బున్న ఆ అభ్యర్థికి 40 శాతం లేదని పరీక్షలో సహాయకుణ్ని ఇవ్వలేదు. అవసరమైన సర్దుబాటు పొందడానికి 40 శాతం గీత దాటనక్కర్లేదని కోర్టు చెప్పింది. 40 అనేది రిజర్వేషన్ వంటి కొన్నిటికే. చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం ప్రైవేటు కంపెనీలు కూడా సమాన అవకాశాల విధానం ప్రకటించాలి. మీ హెచ్‌ఆర్‌ను ముందు ఆ కాగితం అడగండి. ఇంటినుంచి పని, పని వేళల మార్పు వంటివి దాన్ని ఆధారం చేసుకుని రాతపూర్వకంగా కోరండి. 38 శాతం కాగితం కూడా అక్కడ సాక్ష్యమే, పారేయొద్దు.

నెలకు 21,000 లోపు జీతం ఉన్న కాపలావాళ్లు, హౌస్‌కీపింగ్ వాళ్లు జీతం చీటీలో 0.75 శాతం ఈఎస్ఐ కోత ఉందేమో చూసుకోవాలి. ఉంటే మామూలు జబ్బుకు ఏడాదిలో 91 రోజులదాకా 70 శాతం వేతనం వస్తుంది. 34 దీర్ఘకాలిక జబ్బులకు, రెండేళ్ల సర్వీసు, తగినన్ని రోజుల చందా ఉంటే, రెండేళ్లదాకా 80 శాతం వస్తుంది. కిడ్నీ వైఫల్యం, క్యాన్సర్, పక్షవాతం, క్షయ ఆ జాబితాలో ఉన్నాయి. దీనికి వికలాంగ శాతంతో పని లేదు. ఇది తెలియక ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేసి ఊరెళ్లిపోయినవాళ్లను తలచుకుంటే మాకు ఇప్పటికీ బాధే. రాజీనామా కంటే ముందు ఈఎస్ఐ డాక్టరు దగ్గరకు వెళ్లండి.

పన్ను కట్టేవారికి పాత పద్ధతిలో 80డీడీబీ సెక్షన్ ఉంది. కిడ్నీ వైఫల్యం, క్యాన్సర్ వంటి జబ్బుల ఖర్చుకు 40,000, పెద్దవయసు వారికైతే లక్ష వరకు మినహాయింపు. కంపెనీ ఇచ్చిన బీమా తిరస్కరిస్తే పాలసీ ఏ రకమో చూడండి. ప్రమాద వైకల్య పాలసీ జబ్బుకు ఇవ్వదు, అది మోసం కాదు, దాని తీరే అంత. పాలసీలో ఉన్నదే ఇవ్వకపోతే ముందు కంపెనీకి రాసి, 30 రోజులు చూసి, తిరస్కరణ వచ్చిన ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. బెంగళూరు ఆఫీసు జేపీ నగర్‌లో ఉంది, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

ఇవన్నీ చేయాల్సింది ఒంట్లో బాగున్న మనిషి కాదు, అదే అసలు సమస్య. మా సహచరి పద్ధతి మాకు నచ్చింది. వారానికి ఒక్క పనే పెట్టుకుంటారు, అది కూడా పదకొండు దాటాక, కీళ్లు వదులయ్యాక. కాగితాలన్నీ ఫోన్‌లో ఫోటోలు తీసి అన్నయ్యకు పంపుతారు, ఆఫీసుకు ఆయన వెళ్తారు, సంతకానికి మాత్రం ఈమె. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో గంట కూర్చోవడం కంటే 2025 ఆగస్టులో మొదలైన పసుపు లైను మెట్రో నయం అంటారు, లిఫ్టు ఉంటుంది. ఆడవాళ్లకు, వికలాంగులకు, ఎస్సీ ఎస్టీలకు న్యాయసేవల సంస్థ వకీలును ఉచితంగా ఇస్తుంది, ఆదాయంతో పని లేదు. నంబరు 15100. రాత్రిళ్లు నిద్ర పట్టక, ఇక చాలు అనిపిస్తే 14416కు చేయండి. అది టెలి మానస్, నిమ్హాన్స్ పర్యవేక్షణలో నడుస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, రోజంతా ఉచితం.

ఆమె అప్పీలు వేశారు. ఈసారి చేతివేళ్ల ఎక్స్‌రేలు, డాక్టరు రాసిన ఒక్క పేజీ, నోటుబుక్కు జిరాక్సు జతచేశారు. ఇంకా పిలుపు రాలేదు.