భాగ్యనగరపు గాలిలో పాట

హైదరాబాదు పాతనగరమున మదీనా కూడలి నుండి చార్మినారు వైపు నడచు బాటసారికి ఏదో ఒక దుకాణము నుండి ఎఫ్.ఎం. పాట వినిపించుట వింత కాదు. పాటకు ముందొక ప్రకటన, పిదప మరియొకటి. ఇది క్రొత్త కాలపు వ్యాపారమని మనము తలచుట కద్దు. కాని ఈ నగరమున రేడియో పుట్టినదే ఒక సామాన్యుని చేత. ఆ సంగతిని మనలో పెక్కుమందిమి మరచితిమి.

1933లో తంతి తపాలా శాఖోద్యోగియైన మహబూబ్ అలీ ఆబిడ్సు చెంత చిరాగ్ అలీ సందులో 200 వాట్ల ప్రసారయంత్రమును నెలకొల్పెను. అది నూరు వాట్ల దీపములు రెండింటికి సరిపడు శక్తి మాత్రమే. 1935 ఫిబ్రవరి 3న నిజాం ప్రభుత్వము దానిని స్వాధీనము చేసికొనెను. దక్కన్ రేడియో పేరిట ఉర్దూ కార్యక్రమములు ప్రధానముగా సాగెను. తెలుగు, మరాఠీ, కన్నడములకును కొంత వేళ లభించెను. తరువాత సరూర్‌నగరున పెద్ద ప్రసారయంత్రము వెలసెను.

పాట వినిపించిన పెట్టెయే పాలకుని మాటను కూడ వినిపించును. 1948 సెప్టెంబరు 17న నిజాం తన సేనల పోరు విరమణను ప్రకటించినది ఈ రేడియో ద్వారానే. 1950 ఏప్రిల్ 1న అది ఆకాశవాణిలో కలిసిపోయెను.

పిదప శ్రోతకు మరియొక చిక్కు వచ్చెను. 1952లో కేంద్ర సమాచార మంత్రియైన బి.వి. కేస్కర్ శాస్త్రీయ సంగీతమునకు పెద్దపీట వేసి, సినిమా పాటను ఆకాశవాణి నుండి దాదాపు వెడలగొట్టెను. శ్రోతలు వాదులాడలేదు, మీట త్రిప్పి రేడియో సిలోనును పట్టుకొనిరి. ఆ మౌనమైన తీర్పునకు జవాబుగా 1957 అక్టోబరు 3న వివిధభారతి వెలువడెను. 1967లో బొంబాయి, పూనా, నాగపూరులలో దానికి వ్యాపార ప్రకటనలు తోడయ్యెను. ఏ మంత్రికిని వినని పాట, శ్రోత వ్రేలికొసకు విన్నది.

వాయుతరంగములు ప్రజల ఆస్తియని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పెను. 1999లో ప్రయివేటు ఎఫ్.ఎం. విధానము వచ్చెను, 2001లో బెంగుళూరున తొలి కేంద్రము పలికెను. అయితే ఏటేట పెరుగు స్థిరమైన లైసెన్సు రుసుము కేంద్రములకు మోయరాని బరువాయెను. 2005లో రాబడిలో నూటికి 4 వంతులు చాలునను పద్ధతి ఏర్పడినది. దాని ఫలమే 2006లో హైదరాబాదున రేడియో సిటీ, రేడియో మిర్చి మొదలైన కేంద్రముల పుట్టుక.

ఈ కేంద్రములు ఒక నగరమునకే కట్టుబడుటకు ప్రకృతియే కారణము. మధ్యతరంగములు నేలను అంటి దూరము పోవును, ఎఫ్.ఎం. తరంగములు దిఙ్మండలము దాటి అట్టే సాగవు. కనుక కేంద్రము తన ఊరివారినే మెప్పింపవలెను. ప్రకటనదారు శ్రోతల సంఖ్యకు వెల కట్టును గాన, నలుగురు మెచ్చిన పాటయే మాటిమాటికి తిరిగివచ్చును. అరుదైన పాటకు చోటు తగ్గును.

అంతకంటె పెద్ద కొరత మరియొకటి. ప్రయివేటు కేంద్రములకు స్వంత వార్తల హక్కు దక్కలేదు. 2011 నాటి విధానము ఆకాశవాణి వార్తలను మార్పులేక వినిపించుటకే అనుమతించెను. మూసీ పొంగినను, పాతనగరపు వీధులలో అలజడి రేగినను, ఊరిని ఎల్లరికంటె బాగుగ ఎరిగిన గొంతు ఆ సంగతిని తన వార్తగా చెప్పజాలదు.

చిరాగ్ అలీ సందున మొదలైన గొంతు ప్రభువుల చేతికి పోయి, వర్తకుల చేతికి వచ్చినది. గాలి ప్రజలదని న్యాయస్థానము చెప్పినది కదా! పాటను కోరి తెచ్చుకొన్న మనము మాటను కూడ కోరవలసియున్నది. మనము మీట త్రిప్పిననాడు పాట తిరిగివచ్చెను. మాటయు అట్లే రావలెను.